నాలుగు గేజ్‌ల దీవి: ఐల్ ఆఫ్ మాన్‌లో పాత రైళ్లూ ట్రాములతో ఆరు రోజులు

ఐల్ ఆఫ్ మాన్‌కి టికెట్ తీసేముందు తేదీ కంటే వారంలో ఏ రోజన్నది చూసుకోవాలి. ఇంగ్లండ్‌కీ ఐర్లండ్‌కీ నడుమ సముద్రంలో ఉన్న ఈ దీవి పొడవు 52 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే 22. ఇంత చోటులోనే నాలుగు వేర్వేరు గేజ్‌ల మీద, అంటే పట్టాల మధ్య నాలుగు రకాల వెడల్పుల మీద, బళ్లు తిరుగుతున్నాయి. గుర్రపు ట్రాము, ఆవిరి రైలు, తీరం వెంట కరెంటు ట్రాము 914 మిల్లీమీటర్ల గేజ్ మీద, కొండ ట్రాము 1067 మీద, గ్రౌడిల్ లోయ రైలు 610 మీద, లాక్సీ గని రైలు 483 మీద. మన నౌపడ–గుణుపురం పాత చిన్న రైలు 762. దాన్ని చూసినవాళ్లకి ఈ కొలతలు వెంటనే కంటికి కడతాయి.

వీటిలో గ్రౌడిల్ రైలు, గని రైలు వలంటీర్లు నడిపేవి. గని రైలు శనివారం, గ్రౌడిల్ ఆదివారం. ప్రభుత్వం నడిపే మిగతావి సుమారుగా మార్చి నుంచి నవంబర్ మొదట్లోదాకా ఉంటాయి కానీ, సీజన్ రెండు చివర్లా వారంలో కొన్ని రోజులు బంద్. అందుకే బుధవారం దిగి సోమవారం తిరుగు ఓడ ఎక్కేలా పెట్టుకుంటే అన్నీ కుదురుతాయి. మే ఆఖర్లో, జూన్ మొదట్లో మాత్రం వద్దు. అప్పుడు టీటీ మోటార్‌సైకిల్ పందేలు జరుగుతాయి. గదులు దొరకవు, రోడ్లు మూసేస్తారు, రైళ్ల వేళలన్నీ మారిపోతాయి.

యూకే విజిటర్ వీసా ఉన్నవాళ్లకి ఇంకో వీసా అక్కర్లేదు. దీవి మాత్రం యూకేలో భాగం కాదు. దానికి సొంత పార్లమెంటుంది, సొంత నోట్లున్నాయి. ఫోన్ రోమింగ్ ప్యాక్‌లో ఐల్ ఆఫ్ మాన్ పేరు విడిగా ఉందో లేదో చూసుకోవాలి, యూకే ప్యాక్ ఇక్కడ పనిచేస్తుందని అనుకుంటే బిల్లు వాచిపోతుంది. బస్సులకూ ప్రభుత్వ రైళ్లకూ కలిపి కొన్ని రోజులకు చెల్లే గో ఎక్స్‌ప్లోర్ కార్డు దొరుకుతుంది. ఇక్కడ చెప్పిన పద్ధతిలో తిరిగేవాళ్లకి విడి టికెట్ల కంటే అదే మేలు. వలంటీర్ల రైళ్లకు వేరే టికెట్, దానికి చేతిలో కొంత చిల్లర ఉంచుకోవాలి.

బుధవారం: ఓడ, గుర్రం

ఇంగ్లండ్‌లోని హేషమ్ రేవు నుంచి దీవి రాజధాని డగ్లస్‌కి ఓడ ప్రయాణం పావు తక్కువ నాలుగు గంటలు. లివర్‌పూల్ నుంచి వేగంగా వెళ్లే పడవైతే మూడు గంటల లోపే, కానీ గాలి లేస్తే ముందు ఆగిపోయేది అదే. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు పెద్ద ఓడ ఎంచుకుని, మధ్య భాగంలో, కింది అంతస్తులో కూర్చోవాలి.

సముద్రం వెంట మూడు కిలోమీటర్ల పైచిలుకు రోడ్డే డగ్లస్ ఊరికి ముఖం. దక్షిణం కొసన ఓడరేవూ ఆవిరి రైలు స్టేషనూ, ఉత్తరం కొసన డెర్బీ కాసిల్ ట్రాము స్టేషను. బస వెతుక్కునేటప్పుడు ఈ దూరం గుర్తుంచుకుంటే రోజూ ఉదయం హడావుడి తప్పుతుంది. రోడ్డుకి మధ్యభాగంలో గది తీసుకోవడం మంచిది.

1876 ఆగస్టులో థామస్ లైట్‌ఫుట్ అనే ఇంజనీరు మొదలుపెట్టిన గుర్రపు ట్రాము ఈ రోడ్డు మీదే నడుస్తుంది. ఒకప్పుడు రేవుదాకా 1.6 మైళ్లు వెళ్లేది. రోడ్డు పనుల తరవాత ఇప్పుడు డెర్బీ కాసిల్ నుంచి బ్రాడ్‌వే వరకే. అక్కడి నుంచి ఆవిరి రైలు స్టేషన్‌కి పాతిక నిమిషాల నడక. పాత పుస్తకాలు నమ్ముకుని ట్రాము దిగగానే రైలెక్కేయొచ్చనుకుంటే రైలు తప్పుతుంది.

ముప్పై మందితో నిండిన బండిని ఒక్క గుర్రం లాగుతుంటే చూసేవాళ్లకి అయ్యో అనిపిస్తుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి బాగా తక్కువ, దారి కూడా దాదాపు సమతలం. కష్టమంతా నిలబడ్డ బండిని కదిలించే మొదటి నాలుగడుగుల్లోనే. అందుకే మధ్యలో మాటిమాటికీ ఆపించకుండా, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకచోటే కలవడం గుర్రానికి మేలు. ఒక్కో గుర్రానికి రోజుకి కొన్ని ట్రిప్పులే. తరవాత దాన్ని లాయానికి పంపి ఇంకోదాన్ని కడతారు. పని మానేసిన గుర్రాలు ఊరి బయట రిచ్‌మండ్ హిల్ మీది విశ్రాంతి శాలలో ఉంటాయి, అక్కడికి సందర్శకుల్నీ రానిస్తారు. ట్రాములు సాయంత్రందాకా ఉండవు. ఓడ మధ్యాహ్నానికి దిగితే సామాను గదిలో పడేసి ముందు ఇటు రావాలి.

గురువారం: పోర్ట్ ఎరిన్‌కి ఆవిరి రైలు

డగ్లస్ నుంచి పోర్ట్ ఎరిన్ 15 మైళ్ల పైచిలుకు, గంట ప్రయాణం. ఈ లైను 1874 ఆగస్టులో తెరిచారు. అంతకు ఏడాది ముందు వేసిన పీల్ లైను ఇప్పుడు లేదు, దాని సంగతి సోమవారం. ఇంజన్లు దాదాపు అన్నీ మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీవి. బెంగాల్ నాగపూర్ రైల్వేకి బ్రహ్మాండమైన గారట్ ఇంజన్లు చేసిచ్చిన కంపెనీయే ఇది. ఇక్కడివి బొమ్మల్లా ఉంటాయి. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక నాలుగు లాగే చక్రాలు, నీటి ట్యాంకు పక్కన ఇత్తడి అక్షరాల్లో పేరు, పొగగొట్టం మీద నంబరు. 4వ నంబరు 'లోక్' 1874 నాటిది, అంటే లైనుకీ దానికీ ఒకే వయసు.

స్టేషన్‌కి అరగంట ముందు వెళ్లడానికి రెండు కారణాలున్నాయి. బోగీలు విడివిడి గదులుగా ఉంటాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి దారి లేదు, రైల్లో మరుగుదొడ్డీ లేదు. అది ముందే చూసుకోవాలి. రెండోది సీటు: వెళ్లేటప్పుడు ఎడమ పక్క కిటికీ. పోర్ట్ సోడరిక్ దాటాక సముద్రం కనిపించేది అటే. కిటికీ అద్దం తోలు పట్టీతో దించాలి. పట్టీని ఒక్కసారి వదిలేస్తే అద్దం దబ్బున పడుతుంది, చేత్తో పట్టి దించాలి. ఇంజన్ దగ్గరి బోగీలో కూర్చుంటే చప్పుడు బాగుంటుంది కానీ నుసి కళ్లలో పడుతుంది.

ఇంజన్లన్నీ పొగగొట్టం పోర్ట్ ఎరిన్ వైపు పెట్టుకునే ఉంటాయి. వాటిని తిప్పే ఏర్పాటు లేదు. చివరి స్టేషన్లో ఇంజన్ పక్క పట్టా మీంచి వచ్చి రైలుకి రెండో కొసన తగులుకుంటుంది, తిరుగు ప్రయాణమంతా వెనక్కి నడుస్తుంది. కాబట్టి ఫొటోలకి డగ్లస్ నుంచి బయల్దేరే రైలే. పైగా ఊరు దాటగానే ఎత్తు మొదలవుతుంది, ఇంజన్ గట్టిగా పనిచేసేది అక్కడే. లాగే చక్రాలు నాలుగే కావడంతో, పట్టా తడిగా ఉన్నప్పుడూ ఆకులు రాలి జారుడైనప్పుడూ చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. అప్పుడు పట్టా మీద ఇసుక వదిలి పట్టు తెచ్చుకుంటారు.

కొన్ని బోగీల్ని పక్కనుంచి పరికిస్తే నడుమ ఒక అతుకు కనిపిస్తుంది. మొదట్లో ఇవి నాలుగు చక్రాల పొట్టి పెట్టెలు. ప్రయాణం కుదుపులుగా ఉందని 1909 నుంచి రెండేసి పెట్టెల్ని ఒకే పొడుగు చట్రం మీద ఎక్కించారు. ఉద్యోగులు వాటిని ఇప్పటికీ జతలు అనే పిలుస్తారు.

ఒకే పట్టా లైను కాబట్టి ఎదురు రైలుతో క్రాసింగ్ మధ్య స్టేషన్లలో. కాసిల్‌టౌన్‌లో దిగితే కాసిల్ రషెన్ కోట పది నిమిషాల నడక. ఒకప్పటి రాజధాని ఇదే. తరవాతి రైలుకి రెండు గంటలున్నా సరిపోదు, ఈ ఊరు తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే ఆలస్యమైనా బస్సుంటుంది. పోర్ట్ ఎరిన్‌లో స్టేషన్ పక్కనే రైల్వే మ్యూజియం, అయిదు నిమిషాల్లో పడమటి ముఖంగా ఇసుక తీరం.

ఈ దక్షిణపు రోడ్డు మీద బస్సెక్కితే సాంటన్ దగ్గర ఫెయిరీ బ్రిడ్జి వస్తుంది. దాన్ని దాటేటప్పుడు అక్కడి దేవతలకి నమస్కారం చెప్పాలని ఆచారం. అలాగే ఇక్కడివాళ్లు ఎలుక పేరు ఎత్తరు, పొడుగు తోకది అంటారు. రాత్రిపూట పాముని పురుగు అనే మనకి ఇది విడ్డూరం కాదు.

శుక్రవారం: రామ్‌జీ దాకా కరెంటు ట్రాము

డెర్బీ కాసిల్ నుంచి రామ్‌జీకి 17 మైళ్లు, గంటంపావు. 1893 సెప్టెంబర్ 7న గ్రౌడిల్ దాకా మొదలై, మరుసటేడు లాక్సీ చేరి, 1899కి రామ్‌జీ ఊళ్లోకి వచ్చింది. వెనకున్న పెట్టుబడిదారు అలెగ్జాండర్ బ్రూస్, డంబెల్ బ్యాంకు మనిషి. 1900 ఫిబ్రవరిలో ఆ బ్యాంకు కూలింది, దాంతోపాటు ట్రాము కంపెనీ కూడా. బళ్లు మాత్రం మిగిలాయి. మొదటి రోజు వాడిన 1, 2 నంబర్ల కార్లు ఇప్పటికీ నడిచే స్థితిలో ఉన్నాయి. తమ సొంత లైను మీదే ఇంకా నడుస్తున్న ట్రాముల్లో ప్రపంచంలోకెల్లా పాతవి అవే. వాటిని ప్రత్యేక రోజుల్లోనే బయటికి తీస్తారు, మామూలు రోజున కనిపిస్తే అదృష్టం.

ముందు మోటారు కారు, వెనక గోడల్లేని ట్రైలరు. ఎండ కాస్తే ట్రైలర్లో కుడి చివర కూర్చోవాలి, సముద్రం అటే. గాలి కోత మాత్రం ఊహించినదానికి రెట్టింపు ఉంటుంది. జూలైలో కూడా విండ్‌చీటర్ లేకుండా ట్రైలర్ ఎక్కినవాళ్లు లాక్సీలో దిగి లోపలి సీటు వెతుక్కుంటారు. దారిలోని చిన్న స్టాపుల్లో చెయ్యెత్తితేనే ఆగుతుంది, దిగాలంటే కండక్టర్‌కి ముందే చెప్పాలి.

పైన తీగలో 550 వోల్టుల డీసీ కరెంటు. కారు కప్పు మీది పొడవాటి గెడ కొసన చిన్న గాడి చక్రం, అది తీగకి కింద ఆనుకుని దొర్లుతుంది. చివరి స్టేషన్లో కండక్టర్ తాడు పట్టుకుని గెడని అర్ధచంద్రాకారంలో తిప్పి వెనక్కి పెడతాడు. గెడ ఎప్పుడూ బండి వెనక్కి వాలి ఉండాలి, ముందుకి ఉంటే తీగల్లో ఇరుక్కుని తెగ్గొడుతుంది. తీగలు చీలే చోట గాడి చక్రం తీగ తప్పడం అప్పుడప్పుడూ జరుగుతుంది. దీపాలు ఆరి బండి మెల్లబడితే కంగారొద్దు, తాడు లాగి మళ్లీ తగిలించడానికి నిమిషం పడుతుంది. ఆ నిమిషంలో తల బయటపెట్టకపోవడం మంచిది.

లాక్సీ దాటాక దారి ఎక్కుతూ పోయి, 588 అడుగుల ఎత్తున బల్గమ్ దగ్గర కొండ చరియ అంచుకి చేరుతుంది. కుడిపక్క కిందంతా సముద్రమే. 1967 జనవరిలో ఇక్కడ లైను కింది గోడ సముద్రంలోకి జారిపోయింది. దాన్ని మళ్లీ కట్టేదాకా ట్రాములు అటు సగం ఇటు సగంగా నడిచాయి. తిరిగొచ్చేటప్పుడు ఢూన్ గ్లెన్‌లో దిగి లోయలోకి నడవొచ్చు: జలపాతం, కింద రాళ్ల తీరం. దిగడం సులువు. ఎక్కడానికి దిగిన సమయానికి రెట్టింపు వేసుకుని తరవాతి ట్రాము వేళ చూసుకోవాలి. రామ్‌జీలో రేవు, సముద్రంలోకి సాగే 1886 నాటి పొడవాటి వంతెన క్వీన్స్ పియర్ తప్ప రైళ్ల మనుషులకి పెద్దగా ఏమీ లేదు. భోజనం చేసి వచ్చేయొచ్చు.

భోజనమంటే గుర్తొచ్చింది. చిప్స్ మీద చీజ్ తురిమి గ్రేవీ పోసిచ్చేది ఇక్కడి జనం తిండి. పేరులో మాంసం లేదని శాకాహారులు ధైర్యం చేయకూడదు, గ్రేవీ దేనితో చేశారో అడగాలి.

శనివారం: లాక్సీ, స్నేఫెల్

ఆరు రోజుల్లోనూ అసలైన రోజు ఇదే. దీన్ని శుక్రవారంతో మార్చుకునే వెసులుబాటు ఉంచుకోవాలి, ఎందుకంటే 621 మీటర్ల స్నేఫెల్ శిఖరం తరచూ మబ్బులో ఉంటుంది. సముద్ర దేవుడు మానన్నాన్ తన కంబళి కప్పి దీవిని దాచాడని ఇక్కడి మాట. లాక్సీలో ఎండగా ఉందని పైన కూడా ఉంటుందని కాదు. టికెట్ ఇచ్చేవాళ్లని పైన ఎలా ఉందని అడిగితే నిజమే చెబుతారు. గాలి మరీ ఎక్కువైతే బళ్లు ఆపేస్తారు. గని రైలుకి శనివారమే గతి కాబట్టి అది అలాగే ఉంచి, కొండని మాత్రం తెరిపి ఇచ్చిన రోజుకి జరపాలి.

లాక్సీ స్టేషన్లో తీరం ట్రాము, కొండ ట్రాము పక్కపక్కనే ఆగుతాయి, గేజ్‌లు వేరు. అందుకే యార్డులో ఒకచోట మూడు పట్టాల దారి ఉంది. కొండ కారుకి పెద్ద మరమ్మత్తు వస్తే, కింద 914 గేజ్ చక్రాలు మార్చి డగ్లస్ షెడ్డుకి లాక్కెళ్తారు.

ఈ లైనుని 1895 ఆగస్టులో తెరిచారు, ఏడు నెలల్లో వేసేశారు. వాలు పన్నెండుకి ఒకటి. ఊటీ రైల్లో పళ్ల పట్టాలో ఇంజన్ పళ్లచక్రం దిగి బండిని పైకి లాగుతుంది. ఇక్కడ పళ్లు లేవు. కారు ఇరుసులన్నిటికీ మోటార్లుండడంతో మామూలు పట్టు మీదే ఎక్కేస్తుంది. పట్టాల నడుమ పక్కకి పడుకోబెట్టిన మూడో పట్టా ఒకటి కనిపిస్తుంది. అది దిగేటప్పటి కోసం. బ్రేకు దవడలు దాన్ని రెండు వైపులా పట్టకారులా బిగిస్తాయి. జాన్ బారాక్లఫ్ ఫెల్ కనిపెట్టిన ఈ పద్ధతిని ఇక్కడ పెట్టింది ఆయన కొడుకు జార్జ్ నోబుల్ ఫెల్. ఆ సరంజామాకి చక్రాల మధ్య చోటు కావాలి కాబట్టే గేజ్ 1067కి పెంచారు.

లైను వేసేటప్పుడు సామాను మోసింది మాత్రం 914 గేజ్ ఆవిరి ఇంజన్. 1885 నాటి 'కాలిడోనియా'ని తెచ్చి, దానికోసం తాత్కాలికంగా ఇంకో పట్టా పరిచారు. వందేళ్ల పండగకి 1995లో దాన్ని మళ్లీ ఎక్కించారు.

1970ల చివర్లో జర్మనీలోని ఆఖెన్ నగర ట్రాముల మోటార్లు తెచ్చి ఈ కార్లకి పెట్టారు. అప్పటినుంచి దిగేటప్పుడు మోటార్లే జనరేటర్లవుతాయి, పుట్టిన కరెంటు కప్పు మీది రెసిస్టర్లలో వేడిగా పోతుంది. దిగే కారు పైన గాలి మిలమిలలాడడం అందుకే. 2016 మార్చిలో మనుషులెవరూ లేని 3వ నంబరు కారు శిఖరం నుంచి తనంతట తాను దిగిపోయి, పట్టా తప్పి ముక్కలైంది. ఆరు కార్లలో ఇప్పుడు మిగిలింది అయిదు. కారుకి 48 సీట్లు. వేసవిలో పదకొండు దాటాక వరస పెరుగుతుంది, ఉదయం మొదటి రెండు బళ్లలోనే వెళ్లాలి.

లాక్సీలో కుడిపక్క కూర్చోవాలి. లోయకి అవతల పెద్ద నీటి చక్రం, ఆ పైన స్నేఫెల్ గని ఉన్న చోటు కనిపిస్తాయి. 1897 మేలో ఆ గనిలో కార్బన్ మోనాక్సైడ్‌కి 20 మంది చనిపోయారు. సగం దారిలో బంగళా అనే స్టేషన్లో టీటీ పందేల రోడ్డుని దాటుతుంది. ఆ పేరు మనవైపు నుంచి వెళ్లిందే, రేకులతో కట్టిన హోటలొకటి ఉండేది అక్కడ. పందేల రోజుల్లో రోడ్డు దాటనివ్వరు కాబట్టి కింద ఒక కారు, పైన ఒక కారు నడుపుతారు. అది దాటాక బండి కొండ చుట్టూ తిరుగుతుంది, చూడాల్సింది ఎడమపక్కకి మారుతుంది. ఇక్కడ కప్పు మీద గెడకి బదులు వెడల్పాటి విల్లులాంటి కమ్మీలున్నాయి. గాలికి తీగ అటూ ఇటూ ఊగినా కమ్మీ వెడల్పులోనే ఉంటుంది, గాడి చక్రమైతే తప్పిపోయేది. చలికాలంలో తీగ మీద మంచు పేరుకుని తెగుతుందని బంగళా పైన తీగలన్నీ విప్పేస్తారు.

ఆకాశం తేటగా ఉంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ నాలుగూ కనిపిస్తాయి. పైన ఆఖరి కారు వేళ బోర్డు మీద రాసి ఉంటుంది, అది తప్పితే బంగళా దాకా నడకే.

మధ్యాహ్నం గని రైలు. 1877లో ముడిఖనిజం బళ్లు లాగడానికి తెచ్చిన 'ఆంట్', 'బీ' ఇంజన్లని 1935లో తుక్కు చేశారు. 2004లో వాటి నకళ్లు చేయించి పాత దారిలోనే పట్టాలు వేశారు. దారి అర కిలోమీటరు కూడా లేదు, కానీ రోడ్డు కింద సొరంగంలోంచి పోతుంది. పెట్టెలో మోకాళ్లు గడ్డానికి తగులుతాయి, పొడుగువాళ్లు చివర కూర్చోవడం మంచిది. అక్కడి నుంచి నడిచి వెళ్తే లేడీ ఇసబెల్లా అనే నీటి చక్రం: 1854లో రాబర్ట్ కేస్‌మెంట్ కట్టినది, వ్యాసం 72 అడుగుల 6 అంగుళాలు. గనిలో 1,500 అడుగుల లోతు నుంచి నిమిషానికి 250 గాలన్ల నీరు తోడేది. గని 1929లో మూతపడింది, చక్రం మాత్రం మిగిలింది.

ఆదివారం: గ్రౌడిల్

ట్రాములో గ్రౌడిల్ స్టాపు దగ్గర దిగి లోయలో చెట్ల కింద నడవాలి. ముప్పావు మైలు లైను, 1896లో వేసింది. అప్పట్లో లైను చివర సముద్రపు గండికి గోడ కట్టి సీ లయన్లనీ ధ్రువపు ఎలుగుబంట్లనీ పెంచేవారు. ఇంజన్ పేరు 'సీ లయన్' కావడం దానివల్లే. 1962లో ఆగిపోయిన లైనుని వలంటీర్లు 1986లో మళ్లీ తెరిచారు. చివర టీ కొట్టుంది. వానలో లోయ దారి బురద, చెప్పులు పనికిరావు.

సోమవారం: లేని రైలు దారి

డగ్లస్–పీల్ రైలు 1968లో ఆగింది. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు నడకకీ సైకిళ్లకీ వదిలారు, 17 కిలోమీటర్లు. అంతా నడవలేనివాళ్లు సెయింట్ జాన్స్ దాకా బస్సులో వెళ్లి, మిగతాది నడవొచ్చు. రామ్‌జీ లైను చీలిన జంక్షన్ అదే. ఏటా జూలై 5న పార్లమెంటు కూర్చునే మెట్ల దిబ్బ టిన్‌వాల్డ్ హిల్ కూడా అక్కడే. రైలు దారి కాబట్టి ఎక్కడా నిటారైన ఎత్తులు లేవు. పీల్‌లో పాత స్టేషను భవనం ఇప్పుడు హౌస్ ఆఫ్ మానన్నాన్ మ్యూజియంలో భాగం. ఊరంతా పొగబెట్టిన హెర్రింగ్ చేప వాసన, కిప్పర్లంటారు. కొంటే మూడు కవర్లలో చుట్టించుకోవాలి, లేకపోతే బట్టలన్నీ అదే వాసన.

సాయంత్రం ఓడకి ముందు ఒక పని మిగులుతుంది. ఇక్కడి ఏటీఎంలు ఎక్కువగా మాంక్స్ పౌండ్లు, అంటే ఈ దీవి సొంత నోట్లు, ఇస్తాయి. విలువ బ్రిటిష్ పౌండుతో సమానమే అయినా, ఇంగ్లండ్‌లో దుకాణాలవాళ్లు సాధారణంగా తీసుకోరు. మిగిలిన నోట్లని, ముఖ్యంగా ఇక్కడ ఇంకా చెలామణిలో ఉన్న ఒక పౌండు కాగితాల్ని, ఊళ్లోనే ఖర్చుపెట్టడమో మార్చుకోవడమో చేసి ఓడెక్కాలి.